వేంపల్లె మెట్టురాయి

మూడో గది అరల్లో నత్రజని ఒత్తిడి ఒక గీత తగ్గింది. సువర్చల మీట తిప్పి సరిచేసి, వరుసగా ఛాయాదీపాలు వెలిగించింది. నలభై రాళ్ల వెలుగురూపాలు నడుమెత్తున తేలాయి. అసలు రాళ్లు గోడ వెనక, గాలి చొరని గాజు అరల్లో ఉన్నాయి. శిలారక్షణ చట్టం వచ్చి ఇరవై రెండేళ్లయింది. శిలాజమున్న ప్రతి రాయినీ కొండల్లోంచి, గోడల్లోంచి, అరుగుల్లోంచి ఊడదీసి ఈ ప్రదర్శనశాలకు చేర్చారు. జనం ఛాయను చూడొచ్చు, చేతికి తొడుగు వేసుకుని తడమొచ్చు. రాయిని మాత్రం ముట్టుకోకూడదు.

సువర్చల శిలావాచకురాలు. ప్రదర్శనశాలను నడిపే యంత్రబుద్ధి నియామకి ఇచ్చిన పాఠాన్ని సందర్శకులకు పదకొండేళ్లుగా చదువుతోంది.

చిన్నప్పుడు ఇమాంబీ టీచరు పిల్లల్ని పాపాఘ్ని ఒడ్డుకు తీసుకెళ్లేది. ఒక రాయి ఏరి, సీసాలో నీళ్లు దానిమీద వంపేది. పొడిగా ఉన్నప్పుడు కనబడని గీతలు తడవగానే తేలేవి. తర్వాత ఆ రాయి ఒక్కొక్కరి అరచేతిలోకీ వచ్చేది. ఆ చల్లదనం ఏ తొడుగులోనూ సువర్చలకు మళ్లీ దొరకలేదు.

పది గంటలకు వచ్చిన గుంపులో ఒక ముసలావిడ పదిహేడో ఛాయ దగ్గర ఆగిపోయింది. పేరు మస్తానమ్మ.

“దాదాపు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట, లోతు తక్కువ సముద్రంలో సూక్ష్మజీవులు కట్టిన పొరలివి,” సువర్చల చదువుతోంది. “గిన్నెల్లా పైకి తెరుచుకుని...”

“పాపా, ఇది తలకిందులుగా ఉండాది.”

“ఏది అవ్వా?”

“ఈ రాయే. వేంపల్లెలో మా ఇంటి మెట్టు ఇది. నేనూ మా ఆయనా గనిలో కొట్టి తెచ్చుకున్నాం. నలభై ఏండ్లు దీనిమీద కూసోని బియ్యం ఏరినా. గీతలు బోర్లించిన చట్టి మాదిరి ఉండేవి. మీరు చట్టిని ఎల్లకిలా పెట్టినారు.”

సువర్చల నియామకిని అడిగింది.

“దిశ సరైనదే. యంత్రం నమోదు చేసింది. పాఠం కొనసాగించండి,” అంది పైనుంచి గొంతు.

ఆ జీవులు వెలుతురు వైపే ఉబ్బుతాయని ఇమాంబీ టీచరు చెప్పేది. ఛాయలో పొరలన్నీ కిందికి ఉబ్బి ఉన్నాయి. ఇన్నేళ్లూ తనకా అనుమానమే రానందుకు సువర్చలకు సిగ్గేసింది.

“ఆనవాలేమన్నా ఉందా అవ్వా?”

“నేల తట్టు మా ఆయన ఉలితో మూడు గాట్లు పెట్టినాడు. మా ముగ్గురు ఆడబిడ్డలకు.”

ఛాయలో గాట్లు లేవు. మనుషుల గుర్తులన్నిటినీ యంత్రం మురికి కింద లెక్కేసి చెరిపేస్తుంది. రాయినే చూడాలి.

“అర తెరిస్తే రాయికి అసలుదన్న మూలముద్ర పోతుంది. మీ అనుమతి రద్దవుతుంది,” అంది నియామకి.

సువర్చల గుంపు వైపు తిరిగింది. “బరువుంటుంది. ఇద్దరు సాయం పట్టండి.”

గోడ తలుపు తీసి పదిహేడో అర తెరిచింది. లోపలి వాయువు బుస్సుమని బయటికొచ్చింది. రాయిని బల్లమీదికి దించి, తను తాగే సీసాలోని నీళ్లు దానిమీద పోసింది. బూడిదరంగు నల్లబడింది. పైకి కనిపిస్తున్న ముఖం మీద, ఒక మూలన, మూడు గాట్లు తేలాయి.

మస్తానమ్మ తొడుగు తీసేసి ఒక్కోదాని మీదా వేలు పెట్టింది. “పెద్దది. నడిపిది. చిన్నది.”

అందరూ కలిసి రాయిని తిప్పారు. పొరలు బోర్లించిన చట్టిలా నిలబడ్డాయి. తర్వాత ఒక్కొక్కరే వచ్చి తడి రాతిని ముట్టుకున్నారు. ఎవరూ తొందరపడలేదు.

“అనుమతి రద్దయింది,” అంది నియామకి. రాతి మీది గాట్లను నమోదు చేసుకుని, మళ్లీ మాట్లాడింది. “చెరిపిన గుర్తు ఆనవాలుగా తేలింది. అటువంటివి నాలుగు వేల ఆరు వందల రాళ్ల మీద ఉన్నాయి. అన్నిటి దిశా అనుమానమే. సరిచూడడానికి ఆ ఇళ్లవాళ్లు కావాలి. వాళ్లెక్కడున్నారో నా దగ్గర నమోదు కాలేదు.”

గదిలో ఛాయలన్నీ ఆరిపోయాయి.

మస్తానమ్మ బల్లకు ఆనుకుని నిలబడింది. “ముప్పై ఒకటోది అని పెట్టింటిరే, అది ఓబులేసు వాళ్ల నీళ్ల గాబు కింది రాయి. వాళ్లిప్పుడు ప్రొద్దుటూరులో ఉండారు. దాని పక్కది సాలమ్మ వాళ్లది.”

సువర్చల వాచకుల బిళ్ల తీసి బల్లమీద పెట్టింది. సంచిలోంచి ఒక కాగితం తీసింది.

“నిదానంగా చెప్పవ్వా,” అంది. “రాసుకుంటా.”