స్వర్గంలో సెంటు నిషేధం

"ఒర్వాల్ వారి పరువంతా ఒక్క జాడీలో ఉంది, గేతాన్. దాన్ని ఎత్తుకుపోవడానికి విదేశీ ముఠా దిగింది," అన్నాడు చీఫ్.

ఫ్రాన్సులోని కోన్యాక్ పట్టణంలో బ్రాందీ చేసే ఒర్వాల్ వారి నేలమాళిగ పేరు స్వర్గం. ముత్తాతల నాటి బ్రాందీ అక్కడ తీగ అల్లిన గాజు జాడీల్లో ఉంటుంది. అన్నిటికన్నా పాతదాని రుచి చూసుకునే కొత్త సరుకు కలుపుతారు. అది పోతే ఆ ఇంటి రుచే పోతుంది.

ఏజెంట్ గేతాన్ పీపాలు చేసేవాడి వేషం వేసి, సుత్తి పిడిలో చిన్న రేడియో దాచుకుని దిగాడు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, కోడ్ 'దేవతల వాటా', అంటే పీపాల్లోంచి ఆవిరైపోయే బ్రాందీకి అక్కడి వాడుక పేరు.

ఆ మాట చెప్పిన మనిషిని చూడగానే అతను ఎత్తిన సుత్తి దించేశాడు. సొలేన్. ఒర్వాల్ వారికి రుచి చూసిపెట్టే పిల్ల, ఒకప్పుడు గేతాన్‌ని కాదని వెళ్లిపోయిన పిల్ల.

పైగా ఒంటినిండా మల్లెల సెంటు. సెంటు రాసుకున్నవాళ్లని స్వర్గం గడప తొక్కనివ్వరు. తనతో తిరిగిన రోజుల్లో తనెంత బతిమాలినా ఆమె ముక్కు పాడవుతుందని చుక్క కూడా రాసుకోలేదు. ఇప్పుడు ముఠా నాయకుడు వాల్డెమార్ ఆమెని చెయ్యి పట్టుకుని కారెక్కిస్తుంటే గేతాన్‌కి కడుపు మండిపోయింది.

"ఎవడి కోసం ఆ సెంటు?" అన్నాడు, వీలు దొరగ్గానే.

"నీకెందుకు? పని చూసుకో."

మర్నాడు జాడీ మాయమైంది. రేవులో వాల్డెమార్ లారీ నిండా అచ్చం అలాంటి జాడీలే, కాగితాలన్నీ సక్రమం. అసలు జాడీని గుర్తుపట్టడానికి రేవు పోలీసులు పీపాల మేస్త్రీగా గేతాన్‌నే పిలిచారు. ఒక్కటి మాత్రం తెరిచి చూడమని, తప్పయితే లారీని వదిలెయ్యమని సుత్తి పిడిలోంచి చీఫ్ గొంతు.

"కానివ్వండి మాస్టారూ, ఓడ ఆగదు," అన్నాడు వాల్డెమార్. సొలేన్ అతని భుజానికి ఆనుకుని నిలబడింది.

గేతాన్ పళ్లు కొరుక్కుంటూ ఆమె పక్కనుంచి లారీ ఎక్కాడు. ఇవాళ ఆమె దగ్గర సెంటు వాసనే లేదు. మూలకి వెళ్లేసరికి మాత్రం గుప్పున కొట్టింది, రాత్రంతా నిద్ర పట్టనివ్వని అదే మల్లెల వాసన.

"ఇదే," అన్నాడు. మూత తీశారు. సొలేన్ ఒక్కసారి వాసన చూసి తలూపింది. ఓడ కూత వేసేలోపు వాల్డెమార్ చేతులకి బేడీలు పడ్డాయి.

"అయితే సెంటు జాడీ కోసమా?" అన్నాడు గేతాన్ సొలేన్‌తో.

"జాడీ తీగకి పూశాను. వాళ్లు పసిగట్టకుండా ముందు వాళ్ల ముక్కులకి అలవాటు చెయ్యాలి కదా. నీ ముక్కంటావా, నీ కుళ్లు నాకు తెలీదా, ఆ వాసన మర్చిపోతావా?"

"ఇకనైనా నా కోసం ఓ చుక్క రాసుకోవచ్చుగా."

"రేపు దీని రుచి చూడాలి. కుదరదు."

ఆమె జాడీని పొదివి పట్టుకుని కారెక్కింది. ఈసారి గేతాన్‌కి ఆ జాడీని చూస్తే కడుపు మండింది.