వరండా చివర ఏడుపు

మూడో అంతస్తులో, పిల్లల వార్డు దాటాక, వరండా చివర ఒక గది ఉండేదట. పాత ఎక్స్‌రే గది. మెషిన్ ఎప్పుడో తీసేశారు. కానీ రాత్రిళ్లు అందులోంచి ఏడుపు వినిపిస్తుందని ఆసుపత్రంతా చెప్పుకునేవారు. మగ గొంతు... నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు, సన్నగా. నైట్ డ్యూటీ నర్సులు అటువైపు ఒంటరిగా అడుగు పెట్టేవారు కాదు.

మా పిన్ని ఆ వార్డులోనే నర్సు. ఇదంతా ఆవిడ చెప్పిందే.

వార్డులో ఒకమ్మాయి ఉండేది. సూదులు వెయ్యదు, మందులివ్వదు. ఆపరేషన్‌కి ముందు పిల్లల పక్కన చేరి, ఏం జరగబోతోందో బొమ్మలతో ఆడిస్తూ చెప్పి భయం పోగొట్టడమే ఆమె ఉద్యోగం. పిల్లలకి బొమ్మలక్క. దెయ్యం మాటెత్తితే నవ్వేసేది.

"నాకు దెయ్యం కంటే మన పెద్ద డాక్టరంటేనే హడల్, సిస్టర్!"

ఒకసారి ఆ వార్డులో ఆరేళ్ల పాప ఒకతి ఉంది. తెల్లారితే గుండె ఆపరేషన్. తల్లి లేదు. తండ్రి లారీ డ్రైవర్, కొండలాంటి మనిషి. సాయంత్రం ఆపరేషన్ కాగితాలు ముందు పెడితే, "తర్వాత చేస్తా సంతకం" అని లేచి వెళ్లిపోయాడు.

పాప కొంగు వదల్లేదని బొమ్మలక్క రాత్రికి అక్కడే ఉండిపోయింది. మత్తిచ్చేటప్పుడు పెట్టే మాస్కు లాంటిదొకటి పాప చేతికిచ్చి, ఊపిరి ఎలా పీల్చాలో నేర్పింది. పక్కనే కుర్చీలో కునుకు తీసింది.

రెండింటికి మెలకువ వచ్చింది. చూస్తే—

మంచం ఖాళీ.

బాత్రూంలో లేదు. ఆటగదిలో లేదు. పిన్ని లిఫ్టు వైపు పరిగెత్తింది. బొమ్మలక్క వరండాలోకి పరిగెత్తింది.

సగం దూరం వెళ్లిందో లేదో... వినిపించింది.

ఏడుపు.

చివరి గదిలోంచే.

అంత నవ్విన మనిషీ అక్కడే ఆగిపోయింది. కానీ పాప...? గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసింది.

ఏడుపు ఆగింది. ఇంకో గొంతు మొదలైంది. గుసగుసగా, చాలా చిన్నగా—

"కళ్లు మూసుకో... గట్టిగా పీల్చు... ఇప్పుడు వదులు..."

అవి తన మాటలే! పాపకి నేర్పేటప్పుడు తను అన్నవే, అక్షరం పొల్లు పోకుండా.

తలుపు చేరవేసి ఉంది. కళ్లు మూసుకుని ఒక్క తోపు తోసి, ఫోన్ లైటు వేసింది.

నేల మీద ఒక ఆకారం. గోడకి ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని... భుజాలు అదురుతూ...

పాప తండ్రి.

ఆ కొండలాంటి మనిషి ముఖానికి మాస్కు ఆనించి పట్టుకుని, పక్కనే పాప.

"ష్... అక్కా! నాన్నకి భయమేస్తోంది. నేర్పిస్తున్నా."

ఆయన మాస్కు పక్కకి జరిపి అన్నాడట.

"లోపల ఏం చేస్తారో పాపకి చెప్పారంట కదమ్మా... నాకెవరూ చెప్పలేదు. నాక్కూడా చెప్తారా?"

బొమ్మలక్క అక్కడే చతికిలబడి, మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. పిన్ని రొప్పుకుంటూ వచ్చేసరికి ముగ్గురూ నేల మీదే ఉన్నారు. నాలుగింటికి ఆయన సంతకం పెట్టాడు. పన్నెండో రోజున పాప తన కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికెళ్లింది.

"ఏడుపు మాట నిజమేరా," అంది పిన్ని. "ఎన్నేళ్లుగా ఎంతమంది నాన్నలు అందులో దాక్కుని ఏడ్చారో... మేమేమో దెయ్యమనుకుని తలుపులేసుకున్నాం."