ఎర్రదారం కట్టిన కొమ్మలు

"పెదాలకి ముసుగులా? ఎన్ని?" కుట్టుమిషన్ ఆపకుండానే అరిచాడు దర్జీ.

"ముప్పై! చలి ముదరకముందే కావాలి!" గుమ్మంలోంచి అరిచి వెళ్లిపోయింది నర్సరీ అమ్మాయి.

ఆమె అడిగింది పొదలకి. మంచుకి మాడిపోకుండా పూలపొదల మీద కప్పే గుడ్డ ముసుగులు. మిషన్ మోతలో పొద కాస్తా పెదవై కూర్చుంది. నాలుగో రోజు అతను చెవులకి తగిలించుకునే దారాలతో సహా ముప్పై బుల్లి ముసుగులు నర్సరీకి పట్టుకెళ్లాడు.

ఆమె ఒకటి విప్పి చూసింది. పక్కనున్న మనిషెత్తు పొదని చూసింది. అతన్ని చూసింది.

"దర్జీ గారూ, మా పొదలు తుమ్మవు."

అలా మొదలైంది పరిచయం. తప్పు దిద్దుకోవడానికి అతను ప్రతి పొదకీ టేపుతో కొలతలు తీశాడు. పొద కొలతలు తీస్తూ ఎద పారేసుకున్నాడు. ముసుగులన్నీ కప్పడం అయిపోయాక కూడా సాయంత్రాలు రావడం మానలేదు.

"అయ్యో, ఈ మడి మొత్తం పోయినట్టుందే!" ఓసారి నేలమట్టంగా ఎండిన మొక్కల్ని చూసి కంగారుపడ్డాడు.

"పోలేదు, పడుకున్నాయి. ఏటా చలికి పైన ఎండిపోతాయి, అడుగున వేళ్లు బతికే ఉంటాయి. జాలిపడి నీళ్లు పొయ్యకు, కుళ్లిపోతాయి."

"మరి లేచేదెప్పుడు?"

"వాటికి బుద్ధిపుట్టినప్పుడు. నీకంటే నయం, అవి చెప్పకుండా రావు."

అతనికి భయమల్లా ఆమె నాన్నే. చేతిలో మూరెడు కత్తెర, నోట్లో జానెడు మాట. ఆయన చూస్తే చాలు, దర్జీ అంగుళం కుంచించుకుపోయేవాడు.

నర్సరీ వెనక వాళ్లింటి పెరటి మధ్యలో ఒక పొద ఉండేది. "అమ్మ నాటింది," అంది ఆమె. "నీలిపూలు. ఈ రకం మాకు ఇంకెక్కడా దొరకలేదు. అమ్మ పోయి మూడేళ్లు. ఇదీ పోతే..." మాట పూర్తి చెయ్యలేదు.

చలి తగ్గే సమయానికి పొరుగూళ్లో ఉన్న ఆమె అక్కకి పురుడొచ్చింది. నాన్నకి నడుం పట్టేసింది. అక్క దగ్గరికి ప్రయాణమౌతూ ఆమె కత్తెర అతని చేతిలో పెట్టింది.

"కత్తిరింపుకి మిగతావి ఆగుతాయి, అమ్మ పొద ఆగదు. ఎర్రదారాలు కట్టాను. చూసుకుని కత్తిరించు. నీ మీద నమ్మకంతో వెళ్తున్నా."

దారం చూశాక దర్జీకి ఇంకేం చెప్పాలి? అతని దుకాణంలో గుడ్డకి రంగుదారం వేశారంటే కత్తెర పెట్టవలసింది అక్కడే. పదిహేడు పెద్ద కొమ్మలకి పదిహేడు దారాలు. పదిహేడూ తెగ్గోశాడు. లేచి నిలబడి చూస్తే పొద లేదు. మోకాలెత్తు మోళ్లు మాత్రం మిగిలాయి.

ఇంతలో ఫోను మోగింది. "చేశావా? దారం కట్టిన కొమ్మలన్నీ జాగ్రత్తగా ఉంచావుగా?"

ఉంచడం!

అతని చేతిలో కత్తెర చల్లబడిపోయింది. నర్సరీలో దారం కడితే ఉంచమని. దుకాణంలో దారం వేస్తే కొయ్యమని.

"ఉన్నాయి. అన్నీ ఒకేచోట ఉన్నాయి," అన్నాడు, కాళ్ల దగ్గరి కుప్పని చూస్తూ. అబద్ధం కాదు. అందుకే మరీ భయమేసింది.

దర్జీ అన్నవాడు ముక్క పారెయ్యడు. పనికిరాని ఆ బుల్లి ముసుగులు తడిపి, కొమ్మల మొదళ్లకి చుట్టి, దుకాణానికి మోసుకెళ్లాడు. మర్నాడు వాటిని నర్సరీ నీడలో ఇసుకమడిలో గుచ్చాడు, దారాలూ గుడ్డలూ విప్పకుండా. మొలుస్తాయన్న నమ్మకంతో కాదు, పారేసే ధైర్యం లేక.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వచ్చి మోళ్ల ముందు కూర్చునేవాడు. మిగతా పొదలన్నీ ఆకులు వేస్తున్నాయి. పడుకున్న మడి లేచింది. ఇది మాత్రం ఉలకదు, పలకదు. పెద్దాయన గది కిటికీ తెర కదిలినప్పుడల్లా తలెత్తి చూసేవాడు. పెద్దాయన చూశారా? చూస్తే ఎందుకు అరవలేదు? అరిచినా బాగుండేది. ప్రేమించానని చెప్పాలనుకున్నవాడు చంపేశానని చెప్పాల్సి వస్తుందేమోనని, ఆమె ఫోను చేస్తే రెండు ముక్కల్లో పెట్టేసేవాడు.

నలభై రోజులకి ఆమె తిరిగొచ్చింది. సంచి దించకుండానే పెరట్లోకి వచ్చి ఆగిపోయింది.

"నేనే," అన్నాడు. "మా దగ్గర దారం వేస్తే కొయ్యమని. అన్నీ కోసేశాను. ఫోనులో చెప్పడానికి భయపడ్డాను. తిట్టు. రావద్దంటే రాను."

ఆమె మోడు ముందు కూర్చుని గోటితో బెరడు గీకింది. లోపల పచ్చగా ఉంది. అయినా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"పచ్చగా ఉంటే బతికినట్టేనా?" అడిగాడు.

"బతికినట్టే," అన్నారు వెనక నుంచి పెద్దాయన, కర్ర ఊతంతో నడిచొచ్చి. "కోస్తున్నప్పుడే కిటికీలోంచి చూశాను. నోరు రాలేదురా దర్జీ. ఈ రకం కొత్త కొమ్మకే పూస్తుంది. మూడేళ్లుగా ముదురు కొమ్మలన్నిటికీ మా అమ్మాయి దారం కట్టుకుంటూ పోయింది. పూలు తగ్గుతున్నాయని తెలిసీ, వాళ్లమ్మ చెయ్యి తగిలిన కొమ్మ కదా అని, నేను కత్తెర ముట్టలేదు. ఇన్నాళ్లూ నీలాగే నాకూ భయమే."

తర్వాత ఇసుకమడి వైపు చూపించారు. పదిహేడింట్లో పదకొండు కొమ్మలు ఆకులు తొడిగి ఉన్నాయి, ఎర్రదారాలతో.

"ఒక్క పొదకి బెంగపడ్డావమ్మా. ఇప్పుడు పన్నెండు."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. "మొదళ్లకి ఆ గుడ్డలేంటి?"

"పెదాల ముసుగులు," అన్నాడు. "మీ పొదలు తుమ్మాయి."

తొలివానలకి మోడు నిండా పిలకలొచ్చాయి. ఆమె మొగ్గు ఎటో తెలియక అతను సతమతమౌతుంటే, పొద ముందుగా మొగ్గ చూపించింది. నీలిపూలు విరగబూసిన రోజు, చంటిబిడ్డతో అక్కాబావా వచ్చారు. అక్క, నాన్న చూస్తుండగానే ఆమె అతని చొక్కా గుండీకి ఎర్రదారం కట్టింది. పెద్దాయన దగ్గారు, కానీ కత్తెర కింద పెట్టేశారు.

అప్పుడే చేతులు కడుక్కుని వచ్చిన బావ ఆ కత్తెర అందుకున్నాడు. "ఏమయ్యా దర్జీ, నీ గుండీకే దారం వేలాడుతోంది. ఉండు, కత్తిరిస్తా."

"వద్దూ!" ఒక్కసారిగా నలుగురూ అరిచారు. చంటిది ఉలిక్కిపడి ఏడ్చింది. బావ కత్తెర వదిలేశాడు.

"మా ఇంట్లో ఎర్రదారం కడితే కొయ్యమని కాదు బావా," అంది ఆమె, ఎర్రబడ్డ మొహంతో. "ఉంచుకుంటామని."