రానూ పోనూ

ఫిన్నీ నిద్ర లేవగానే దేవుణ్ణి తలుచుకుంటాడో లేదో తెలియదు గానీ, ఫోన్ తీసి కారులో చార్జింగ్ ఎంతుందో మాత్రం చూసుకుంటాడు. ఎలక్ట్రిక్ కారు కొని ఏడాది దాటినా ఆ మురిపెం తగ్గలేదు. పటమటలో ఇల్లు, వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. ఈ రెంటి మధ్య తిరిగే బండికి వారానికోసారి ప్లగ్గు పెట్టినా సరిపోతుంది. ఆయనగారు రోజూ పెడతాడు.

"ఎంతుంది నాయనా ఇవాళ?" హాల్లో కుర్చీలోంచి అడిగింది తల్లి అమలమ్మ.

"తొంభై నాలుగమ్మా."

"మరి కొండమీదకి వెళ్ళొచ్చా?"

నాలుగు నెలలుగా రోజూ ఇదే ప్రశ్న. ఫిన్నీ భార్య వినీల ఫిల్టర్ కాఫీ కలుపుతూ చెవులు అటే పెట్టింది.

పాడేరు అవతల కొండల్లో ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. అక్కడ అమలమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు వంట చేసింది. భర్త పోయేనాటికి ఫిన్నీకి ఆరేళ్ళు. దొరికిన పని అది. పిల్లాణ్ణి ఉయ్యూరులో తన తల్లి దగ్గర వదిలేసి వెళ్ళింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో డీజిల్ వాసన తగిలితే చాలు, ఆమెకి కడుపులో తిప్పేసి రెండు రోజులు మంచం దిగలేకపోయేది. అందుకే ఏడాదికి ఒక్కసారి, వేసవి సెలవల్లోనే వచ్చేది. రిటైరయ్యి ఇంటికి చేరి నాలుగేళ్ళయింది. ఆమెతో కలిసి వండిన మాణిక్యమ్మ మాత్రం ఇంకా ఆ వంటగది వెనక గదిలోనే ఉంది. నాలుగు నెలలుగా ఆవిడకి చూపు తగ్గిపోతోంది. ఫోన్ చేసినప్పుడల్లా "ఒక్కసారి రావే అమలా" అంటుంది. వాసన రాని కారు ఇంటి ముందు ఆగిన రోజే అమలమ్మ మనసు కొండెక్కి కూర్చుంది.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" ఫిన్నీ బల్ల దగ్గర కూర్చుంటూ అన్నాడు. "హైవే మీదంటే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. కొండ కింద హోటల్ దగ్గరిది ఆఖరి చార్జర్. అక్కణ్ణుంచి పైకి నూట పది కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు బండి రెండింతలు తాగుద్ది. రానూ పోనూ చాలదు."

"పోవడానికి ఎంతవుద్ది?"

"పోవడానికైతే... డెబ్భై శాతం. అది సరిపోద్దిలే."

"అయితే పద."

ఫిన్నీ నవ్వాడు. "మరి తిరిగి రావద్దా?"

"దిగేటప్పుడు దానంతటదే చార్జి ఎక్కుద్దంటగా. మొన్న మంగళగిరి కొండ దిగుతా నువ్వే వినీలకి చూపించావంట. పైగా నా బరువు కూడా ఉండదు." అమలమ్మ కొంగు సర్దుకుంది. "నేను అక్కడే ఉండిపోతాన్రా."

వంటింట్లో వంటమనిషి అట్లు వేస్తోంది. ఫిన్నీ వినీల వంక చూశాడు. ఆమె తల దించుకుంది. నాలుగు నెలలుగా తను చెప్పిన లెక్క అబద్ధమని ఇద్దరికీ తెలుసన్నమాట. తల్లి ఒకసారి అక్కడికి వెళ్తే వెనక్కి రాదేమోనన్న భయంతోనే ఆ లెక్క పట్టుకుని వేలాడుతున్నాడని కూడా తెలిసే ఉంటుంది.

"నీకిక్కడ ఏం తక్కువ చేశామమ్మా?" గొంతు పెరిగింది. "నూట ఇరవై మంది పిల్లలకి ఇరవై ఎనిమిదేళ్ళు వండిపెట్టావు. నాకెంత పెట్టావు? ఏడాదికి నెల! సెలవలైపోయి నువ్వు బస్సెక్కుతుంటే ఏమనుకునేవాణ్ణో తెలుసా? నేను కూడా ఆడపిల్లగా పుడితే బాగుండేది, ఆ హాస్టల్లో చేర్చుకునేవాళ్ళు అనుకునేవాణ్ణి. ఇప్పటికి ఇంటికొచ్చావు. నాలుగేళ్ళకే చాలయ్యిందా?"

"ఏవండీ, నెమ్మదిగా..." అంది వినీల.

అమలమ్మ కళ్ళు నిండాయి. అయినా మాట తడబడలేదు.

"నీకు పెడదామనే వచ్చానయ్యా. పెట్టనిచ్చావా? వంటమనిషిని పెట్టావు. గరిటె ముట్టుకుంటే 'నువ్వు కూర్చో' అంటావు. మీ ప్రేమని కాదన్లేను. కానీ నాలుగేళ్ళుగా కూర్చునే ఉన్నాను."

ఫిన్నీ లేచి వెళ్ళి తల్లి కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. తల్లి సుఖపడుతోందనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తన నోటి ముద్ద తనే కాలదన్నుకున్నాడు.

"రేపట్నుంచి నువ్వే వండమ్మా. ఆవిణ్ణి మాన్పించేస్తాను."

అమలమ్మ కొడుకు తల నిమిరింది. "ముగ్గురికి వండటం నాకిక రాదురా. ఉప్పు కొలత కూడా చేతికి అందదు. అక్కడ మాణిక్యానికి బియ్యంలో రాయి కనపడట్లేదు. రోజూ ఏ పిల్ల పంటి కిందకి పోద్దోనని ఏడుస్తంది. దాని కళ్ళు పోతుంటే నేనిక్కడ టీవీ చూస్తా ఎట్టా కూర్చోను?"

ఆదివారం తెల్లారుతూనే బయల్దేరారు తల్లీకొడుకులు. కొండ కింద నూటికి నూరూ నింపుకుని ఘాట్ ఎక్కారు. ఏసీ ఆపేశారు. మలుపు మలుపుకీ అంకె తగ్గుతుంటే ఫిన్నీ "ఎనభై ఒకటి... డెబ్భై ఆరు..." అని పైకే చదువుతున్నాడు. అమలమ్మ అద్దం దించుకుని, వాంతి భయం లేకుండా మొదటిసారి ఆ కొండల్ని తీరిగ్గా చూసుకుంది. ఆ ముఖం చూశాక ఫిన్నీ అంకెలు చదవడం మానేశాడు.

ముప్పై మూడుతో హాస్టల్ చేరేసరికి సాయంత్రం అయిదు. మాణిక్యమ్మ గోడ పట్టుకుని వచ్చి, అమలమ్మ చెంపలు తడిమి, "వచ్చావంటే!" అని భోరుమంది. కాసేపు ఇద్దరూ ఏడ్చి నవ్వుకున్నారు. ఆరింటికి భోజనాల గంట కొట్టారు. అప్పటికే అమలమ్మ కొంగు నడుముకి దోపి సాంబారు బకెట్ పట్టుకుంది. పిల్లలు జరిగి, ఫిన్నీకి వరుస మధ్యలో చోటిచ్చారు.

నేల మీద బాసింపట్టు వేసుకుని, కంచం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అటు చివర్నుంచి తల్లి వస్తోంది. ఒక్కో పిల్ల దగ్గరా ఆగి "చాలా తల్లీ?" అని అడుగుతోంది. పిల్ల చాలన్నాకే ముందుకు జరుగుతోంది. ముప్పై ఏళ్ళ పాటు ఈ వరుసలో తన చోటు కోసమే అలిగాడని అతనికి ఇప్పుడు తెలిసింది.

"చాలా నాయనా?"

తల అడ్డంగా ఊపాడు. ఇంకో గరిటె పోసింది.

"చాలా?"

మళ్ళీ ఊపాడు. కంచం నిండిపోయింది. కన్నీళ్ళతో ఏదీ సరిగా కనిపించడం లేదు. చాలంటే అమ్మ ముందుకు వెళ్ళిపోతుంది. అందుకే ఆ మాట అనలేకపోతున్నాడు. అమలమ్మకీ అర్థమైందేమో, గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

పక్కన ఏడెనిమిదేళ్ళ పాప వట్టి అన్నం కంచంతో తనవంతు కోసం చూస్తోంది. ఫిన్నీ ఆ పాప వంక చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"చాలమ్మా," అన్నాడు. "పాపకి వెయ్యి."