సొలాంజ్ ఆపిన ఉత్తరాలు

ఆ ఉదయం కూడా క్లెమాన్స్ మాడ్చిన బార్లీతో కాచిన కాఫీనే కూతురి ముందు పెట్టింది. జర్మన్లు యుద్ధంలో గెలిచి ఊళ్లోకి వచ్చి మూడేళ్లు దాటింది. అసలు కాఫీ రుచి తల్లీకూతుళ్లిద్దరూ మరిచిపోయారు.

“మధ్యాహ్నం ఇవాళా టర్నిప్ సూపేనా?” అంది సొలాంజ్.

“లేదు, నీకోసం బాతును కోస్తున్నాను మరి,” అంది తల్లి.

సొలాంజ్ నవ్వుతూ సైకిలెక్కింది.

పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేయడం ఆమె పని. పదింటికి జర్మన్ కమాండెంట్ పేరు రాసిన కవరొకటి చేతికొచ్చింది. అలాంటివి వస్తూనే ఉంటాయి. రాసినవాళ్ల పేరుండదు. ఎవరింట్లో ఎవరు దాక్కున్నారో, ఎవరు ఏం దాచారో మాత్రం వివరంగా ఉంటుంది. కానీ ఈసారి కవరు మీది చిరునామాలో ఒకటి అంకెకి పొడుగాటి కొక్కెం ఉంది. ఆ ఊళ్లో ఒకటిని అలా రాసేది వాళ్లమ్మ ఒక్కతే. సొలాంజ్ కవరును కోటు లోపల దాచుకుంది.

మధ్యాహ్నం దాన్ని తల్లి కంచం పక్కన పెట్టింది. సూపు వడ్డిస్తున్న క్లెమాన్స్ చెయ్యి ఆగిపోయింది.

“ఇలా ఉత్తరాలు ఎత్తుకొస్తే ఉద్యోగం పోతుంది.”

“ఉద్యోగంతో పోతే అదృష్టమే. ఏం రాశావమ్మా?”

“చదివే ఉంటావుగా.”

“చదివాను. నీ నోటితో చెప్పు.”

క్లెమాన్స్ కూర్చుంది. “పక్కింటి ఆర్మాండిన్ కొడుకు లూసియన్ వాళ్ల అటక మీద ఉన్నాడని రాశాను. జర్మనీ ఫ్యాక్టరీకి రమ్మని కాగితమొస్తే వెళ్లకుండా అక్కడి గడ్డిలో దూరాడు. నీ తమ్ముడు రెమీ మూడేళ్లుగా జర్మనీలో యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నాడు. ఇక్కణ్ణుంచి పనివాళ్లు వెళితే అక్కడ ఖైదీల్ని వదులుతామన్నారు కదా.”

“ముగ్గురు వెళితే ఒకణ్ణి అన్నారు. ఆ ఒకడు రెమీయేనని నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. అలాగని చేతులు కట్టుకు కూర్చోమంటావా? రేషన్ రొట్టెల వరసలో ఆర్మాండిన్ నవ్వుతూ నిలబడుతుంది. కొడుకు ఇంట్లోనే ఉన్నాడు, ఎందుకు నవ్వదు?”

“దాచినందుకు ఆవిణ్ణి కూడా తీసుకుపోతారమ్మా.”

“తమ్ముడి మీద లేని జాలి పక్కింటివాళ్ల మీద ఉందే నీకు.”

ఆ మాట సొలాంజ్‌కి గుచ్చుకుంది. ఎప్పటికీ చెప్పకూడదనుకున్నది నోటికొచ్చేసింది.

“పోయిన చలికాలం మన మీదా ఒక ఉత్తరం వచ్చింది. రెమీ గదిలో కూర్చుని నువ్వు దొంగచాటుగా లండన్ రేడియో వింటావని. ఏ వేళకి వింటావో కూడా రాశారు. పొయ్యిలో వేశాను. ఇప్పటికి అలాంటివి పధ్నాలుగు వేశాను.”

క్లెమాన్స్ ముఖం పాలిపోయింది. “ఆర్మాండిన్ రాసిందా?”

“కాదు.”

“మరెవరు?”

“చెప్పను. చెబితే నువ్వు వరసలో ఆవిడ పక్కన నిలబడలేవు. ఆవిడకీ శిబిరంలో ఒక కొడుకున్నాడు. మనల్ని పట్టిస్తే వాణ్ణి వదులుతారని నీలాగే ఆలోచించింది.”

సూపు చల్లారిపోయింది. వరసలో నిలబడే ఆడవాళ్లు ఒక్కొక్కరే క్లెమాన్స్ కళ్ల ముందుకొచ్చారు. రెమీ నుంచి మొదటి కార్డు వచ్చినప్పుడు వాళ్లంతా ఆమెతో పాటు కళ్లు తుడుచుకున్నవాళ్లే.

“నాతో బాగానే మాట్లాడుతుందా ఆవిడ?”

“ఎంతో బాగా. రెమీ ఎలా ఉన్నాడని అడుగుతుంది కూడా.”

క్లెమాన్స్ ఏప్రాన్‌తో ముఖం కప్పుకుంది. “ఈ ఉత్తరం చేరి లూసియన్‌ని పట్టుకుపోయి ఉంటే, నేనూ వెళ్లి ఆర్మాండిన్‌ని ఓదార్చేదాన్నే,” అంది లోపల్నుంచి.

తర్వాత లేచి, కవరును తనే పొయ్యిలో వేసింది. అది బూడిదయ్యేదాకా చూసింది.

“రెమీ రాడేమోనే,” అంది. మూడేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

“నాకూ తెలీదమ్మా,” అంటూ సొలాంజ్ ఆమె చెయ్యి పట్టుకుంది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

రెండు కావస్తుంటే సొలాంజ్ పనికి బయలుదేరింది. తల్లి గుమ్మం దాకా వచ్చి, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు చేసినట్టు, ఆమె కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టింది.

“పధ్నాలుగు సార్లా,” అంది. “ఒక్కదానివే ఎలా భరించావే ఆ భయమంతా?”