బీపీ దిగిన రోజు

"ఎన్ని మింగినవ్?"

నవనీత అరుపుకు పల్లె దవాఖానలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. బల్ల మీద పడుకున్న చందు అతికష్టం మీద కళ్లు తెరిచాడు. "అవ్వ బీపీ గోలీలు... నాలుగు."

మర్నాడే అతనికి గల్ఫ్ ఉద్యోగానికి మెడికల్ పరీక్ష. బీపీ ఎక్కువుంటే అన్‌ఫిట్ అంటారని భయపడి, ఒక్కసారిగా దించేద్దామనుకున్నాడు. అది ఎంతకు పడిపోయిందో చూసి, నర్సయి ఉండీ నవనీతకు కాళ్లూచేతులూ ఆడలేదు. 108కి ఫోన్ చేసింది. బండి వచ్చేదాకా అతని చెయ్యి వదల్లేదు.

"సచ్చిపోతే ఏ దేశం పోతవ్?"

"గట్ల తిట్టకుర్రి మేడం. మళ్ల బీపీ పెరుగుతది."

జగిత్యాలలో డాక్టరు రోజుకొక మాత్ర రాసి, నెల తర్వాతే మెడికల్‌కు పొమ్మన్నాడు. వారం వారం బీపీ చూసే పని నవనీతకు పడింది.

"మామిడికాయ తొక్కు బంద్. పాపడాలు బంద్. బువ్వల ఉప్పు కలుపుకునుడు బంద్."

"మరి నేను తినేదేంది? మీ తిట్లా?"

"అవెన్నైనా తిను. ఉప్పుండదు."

చందు నవ్వాడు. ఆ నవ్వు ఆ సాయంత్రం ఆమెకు ఇంటిదాకా తోడొచ్చింది.

అతను నిజంగానే మాట విన్నాడు. పొద్దున్నే నడిచాడు, మాత్ర మరవలేదు. బీపీ దిగుతుంటే నర్సుగా నవనీత మురిసిపోయింది. ఇంటికెళ్లాక మాత్రం భయం పట్టుకునేది. అది పూర్తిగా దిగిన రోజున అతను విమానం ఎక్కుతాడు. తన చేతులతో తానే పంపించేస్తోంది.

నెల గడిచింది. ఆమె అతని చేతికి బీపీ పట్టీ చుట్టింది. నూటముప్పై. ఎక్కువుందని చెబితే ఆగిపోతాడు, ఒక్క అబద్ధం చాలు. కానీ అది నమ్మి మళ్లీ గోలీలు మింగితే?

"నూటముప్పై. నువ్వు ఫిట్టే," అంది, కన్నీళ్లు ఆగక.

"మంచిదే గద. ఏడుస్తున్నరేంది మేడం?"

"నువ్వు పోతవ్ గద! నాకు భయమైతుంది చందూ. ఆడ ఎండల పనిచేసుకుంట గోలీ మరిస్తే ఎవరు తిడుతరు?"

చందు చేతి పట్టీ విప్పుకున్నాడు. "పోకుంటే ఇల్లు నడువది, నవనీతా." పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "నిన్ను ఇడిశి పోవుడు నాకూ భయమే. అందుకే మీ నాయనను పిల్లనడుగనీకి అవ్వను తోలుకచ్చిన. లగ్గమైనంకనే పోత. రోజు వీడియో కాల్‌ల నీ ముంగటనే గోలీ ఏసుకుంట."

గుమ్మంలోంచి అతని తల్లి సాయవ్వ తొంగిచూసింది. "ఏమన్నది కొడుకా? జెల్ది జెప్పు, నా గుండె దడదడ కొట్టుకుంటుంది."

నవనీత కళ్లు తుడుచుకుని కుర్చీ జరిపింది.

"లోపటికి రా అత్తమ్మా. ముందుగాల నీ బీపీ చూస్త."