మూడో బోర్డు, ఏకాదశి, అభిజిత్

టొమాస్ చనిపోయిన సంగతి ఆంజనేయప్రసాద్‌కి బెండకాయలు ఏరుతుండగా తెలిసింది.

ఇర్వింగ్‌లోని ఇండియన్ గ్రోసరీ స్టోర్. గురువారం సాయంత్రం అయిదింటికి టొమాస్ వచ్చి బెండకాయల బుట్ట దగ్గర కలవాలి. అయిదుంబావు అయింది. కార్ట్ తోసుకుంటూ పక్కకి వచ్చి నిలబడ్డది టొమాస్ కాదు. బేస్‌బాల్ టోపీ, నల్ల కళ్ళజోడు, కార్ట్‌లో రెండు బియ్యం బస్తాలు.

"ముదురుగా ఉన్నాయా?" అన్నాడు టోపీ మనిషి.

"తుంచి చూస్తే గాని తెలియదు," అన్నాడు ప్రసాద్. అదే కోడ్.

టోపీ కింద ఉన్నది రఘు. డెస్క్ నైన్ అనే ప్రభుత్వ రహస్య విభాగానికి డాలస్ చీఫ్.

"టొమాస్ రాడు. బయట పార్కింగ్ లాట్‌లో, తన కార్‌లోనే ఉన్నాడు. మెడ మీద సూదిపోటు. ఏరడం ఆపకండి ప్రసాద్ గారూ, ఎవరైనా చూస్తూండొచ్చు."

ప్రసాద్ ఏరడం ఆపలేదు. ముదురువీ లేతవీ కలిపేస్తున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు పవర్ గ్రిడ్ ఇంజనీర్‌గా చేసి రిటైరై, లాస్ కొలీనాస్‌లో నార్త్‌లైన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి కన్సల్టెంట్‌గా వెళ్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా డెస్క్ నైన్‌కి చెవులు కూడా తనే. వినడం, విన్నది టొమాస్‌కి చెప్పడం వరకే పని. ఇంతవరకూ ఎవరూ చావలేదు. అమ్మానాన్నలు హనుమంతుడి పేరు పెట్టారు గాని, ధైర్యం పేరుతో పాటు రాలేదు. ఆ స్వామికైనా జాంబవంతుడు గుర్తుచేసే దాకా తన బలం తనకి తెలియలేదుగా అని సర్దిచెప్పుకునేవాడు.

రఘు ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. నలిగిన చీటీ మీద తెలుగు అక్షరాలు.

*మూడో బోర్డు. ఏకాదశి. అభిజిత్.*

"టొమాస్ పిడికిట్లో దొరికింది. మనం వెంటాడుతున్న ముఠాకి వాళ్ళ లోపలి మనిషి రాసిచ్చింది. డౌన్‌టౌన్‌లో లిథువేనియా వాళ్ళు ఎగ్జిబిషన్ పెట్టారు. ఈ ఏడాది వాళ్ళ దేశానికి ముఖ్యమైన రోజులు, నెలకో బోర్డు. ముఠా ఆ బోర్డు నంబర్లనే నెలలకి కోడ్‌గా వాడుతోంది. మూడోది మార్చి. అంటే ఈ నెలే."

"ఏం చేస్తారు?"

"ఆ దేశం మొత్తం కరెంట్ ఆర్పేస్తారు. పోయిన నెలే వాళ్ళు పాత తూర్పు గ్రిడ్‌ని తెంచుకుని యూరప్ గ్రిడ్‌లో కలిశారు. అది కొందరికి మింగుడు పడలేదు. అక్కడి కంట్రోల్ రూమ్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ మీ నార్త్‌లైన్‌ది. లోపలి మనిషి మీ ఫ్లోర్‌లోనే ఉన్నాడు. తెలుగువాడు. ముహూర్తం చూసుకుని మరీ చేస్తున్నాడు."

"హాస్పిటళ్ళకి జనరేటర్లు ఉంటాయి కదా?"

"రెండో కమాండ్ వాటిని ఆపడానికే." రఘు గొంతు తగ్గించాడు. "మీ అమ్మాయి ఆ దేశంలోనే, కౌనస్‌లో కదా చదువుతోంది?"

ప్రసాద్ చేతిలో బెండకాయ పుటుక్కున విరిగింది. ప్రణవి మెడిసిన్ చివరి ఏడాది. పసిపిల్లల వార్డులో డ్యూటీ.

"కంగారు పడకండి. ఈ నెల మొదటి ఏకాదశి సోమవారం, పదో తారీఖు. ఇంటర్నెట్‌లో చూశాం. లైమా కూడా సోమవారమే అని కన్ఫర్మ్ చేసింది."

"లైమా ఎవరు?"

"ఆ ఎగ్జిబిషన్ నడిపేది. ముఠాలో మన మనిషి. చీటీ, దాని అర్థం అందింది ఆవిడకే, రాసినవాడి పేరు మాత్రం తెలియదంటోంది." రఘు బియ్యం బస్తాల మధ్యనుంచి ఒక తులసిమాల తీసి ఇచ్చాడు. "మేరువు పూసలో బటన్ ఉంది. నొక్కితే ఇరవై నిమిషాల్లో టీమ్ వస్తుంది. జపం చేసేవాళ్ళు మేరువుని దాటరట కదా? పొరపాటున నొక్కే ప్రమాదం లేదని అందులో పెట్టాం."

ఇంతమందిని చంపే తెలివీ, ఇంత చిన్న సంగతి గమనించే తెలివీ ఒకే లోకంలో ఎలా ఉంటాయో అనుకున్నాడు ప్రసాద్. తల ఎత్తేసరికి రఘు పప్పుల వరస వెనక మాయమయ్యాడు.

బిల్లింగ్ లైన్‌లో ముందు భీమశంకరం ఉన్నాడు. అదే ఆఫీస్, అదే ఫ్లోర్. శనివారాలు గుడి వంటింట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కూరగాయలు తరుగుతారు. అతని కార్ట్ నిండా సగ్గుబియ్యం, చిలగడదుంపలు.

"ఏమిటోయ్, దుంపల కొట్టు పెడుతున్నావా?"

"ఆదివారానికి అన్నగారూ!" భీమశంకరం నవ్వాడు.

"గ్రీన్ కార్డ్ ఏమైంది?"

"పద్నాలుగేళ్ళు లైన్‌లో నిలబడ్డాను. ఇప్పుడెవరో హెల్ప్ చేస్తామన్నారు. దేవుడు పంపినట్టే వచ్చారు."

"మంచిది నాయనా," అన్నాడు ప్రసాద్ మనస్ఫూర్తిగా.

శనివారం మధ్యాహ్నం ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు. హాల్లో పన్నెండు బోర్డులు. మొదటిది జనవరి: టీవీ టవర్ ముందు చలిమంటలు, ట్యాంకులకి అడ్డం నిలబడ్డ మనుషులు. రెండోది ఫిబ్రవరి: తెంచిన కరెంట్ తీగ. మూడోది మార్చి పదకొండు: స్వాతంత్ర్యం తిరిగి తెచ్చుకుని ముప్పై అయిదేళ్ళు.

"మాది చిన్న దేశం, మిస్టర్ ప్రసాద్. క్యాలెండరే మా కోట."

వెనక్కి తిరిగాడు. ఎర్ర కోటు, మెడలో తేనెరంగు పూసలు, చూపు తిప్పుకోనివ్వని అందం. లైమా. ఆమె బోర్డు మీది ధూళి దులుపుతున్నట్టు దగ్గరికి వంగింది.

"సోమవారం. ఆదివారం హాయిగా ఇంట్లో నిద్రపొండి."

అంత మెత్తగా అనడం ప్రసాద్‌కి నచ్చలేదు. ఎందుకో తెలియలేదు.

కార్‌లో కూర్చుని కూతురికి ఫోన్ చేశాడు.

"సోమవారం సెలవు పెట్టు తల్లీ."

"వై నాన్నా? నాకు సండే ఈవినింగ్ షిఫ్ట్ ఉంది, మండే కూడా ఉంది. ట్వెల్వ్ బేబీస్ ఉన్నారు. ఫోర్ వెంటిలేటర్ మీద. నేను ఎలా మానేస్తాను?"

"ఏం లేదమ్మా. ఊరికే."

"యూ ఆర్ స్కేరింగ్ మీ. అమ్మకి ఇవ్వు ఫోన్."

"అమ్మ ఇంట్లో ఉంది," అని పెట్టేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లని రమ్మనగలడు గాని, ఆ పన్నెండుగురినీ ఎవరు రమ్మంటారు?

ఆదివారం పూజ ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. భయపడ్డప్పుడు దండకం మూడుసార్లు చదవడం అతని అలవాటు. లేచి గోడ గడియారం చూస్తే పదకొండున్నర. భోజనానికి కూర్చున్నాడు. భార్య నాగమల్లేశ్వరి పళ్ళెంలో సగ్గుబియ్యం ఉప్మా, ఉడికిన చిలగడదుంప ముక్కలు పెట్టింది.

"అన్నం ఏదే?"

"ఏకాదశి నాడు అన్నమేమిటండీ?"

"ఏకాదశి రేపు కదా!"

"రేపు ఇండియాలో. మనకి ఇవాళే. గుడివాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఫ్రిజ్ మీద ఉంది, చూసుకోండి. తిథి ఆకాశంలో ఒక్కటేనండీ. సూర్యోదయమే ఊరికొకటి. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా మీకిది..."

ప్రసాద్ చెయ్యి పళ్ళెంలో ఆగింది. సగ్గుబియ్యం. చిలగడదుంపలు. *ఆదివారానికి అన్నగారూ!*

క్యాలెండర్ దగ్గరికి పరిగెత్తాడు. డాలస్. మార్చి తొమ్మిది, ఆదివారం, ఫాల్గుణ శుద్ధ ఏకాదశి. అభిజిత్ ముహూర్తం ఒంటిగంట పధ్నాలుగు నుంచి రెండు దాకా. కౌనస్‌లో అప్పటికి రాత్రి ఎనిమిదింబావు. ప్రణవి వార్డులో ఉంటుంది.

"ఇంకా గంటా నలభై నిమిషాలు ఉంది," అన్నాడు పైకే.

"దేనికి? ఆ గడియారం నమ్మకండి. తెల్లవారుజామున టైమ్ మారింది కదా, గంట ముందుకి తిప్పలేదింకా."

ఫోన్ చూశాడు. పన్నెండు ముప్పై రెండు.

కాపెల్‌లోని ఇంటి నుంచి హైవే ఎక్కుతూ రఘుకి ఫోన్ చేశాడు.

"ఇవాళే! డాలస్ లెక్కకి ఏకాదశి ఇవాళే! ఆఫీస్‌కి వెళ్తున్నాను."

"లైమా సోమవారం అని చెప్పిందండీ. నేను టీమ్‌ని ఒక మాట మీద కదిలించలేను. మీరు లోపలికి వెళ్ళొద్దు."

"చీటీ ఆవిడ చేతికే కదా వచ్చింది? రోజు ఆవిడకి తెలియదా?"

"కంటితో ఏదైనా చూస్తే పూస నొక్కండి. చాలు."

నార్త్‌లైన్ పార్కింగ్ లాట్ ఖాళీ. ఒక్కటే కార్. ముందు అద్దం దగ్గర చిన్న గణపతి. భీమశంకరం కార్. దాని పక్క తలుపులో చిక్కి చిరిగిన ఎర్ర కోటు అంచు.

ఒంటిగంటా రెండు. ప్రసాద్ మాల తీశాడు. వేలు నూట ఎనిమిదో పూస దగ్గర ఆగింది. చిన్నప్పుడు తాతగారు నేర్పిన దగ్గర్నుంచి ఒక్కసారీ మేరువు దాటలేదు. క్షమించు స్వామీ అనుకుని నొక్కాడు.

ఇరవై నిమిషాలు. అంటే ఒంటిగంటా ఇరవై రెండు. ముహూర్తం పధ్నాలుగుకి. మధ్యలో ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలకి తను తప్ప ఎవరూ లేరు. లిఫ్ట్ కోసం ఆగకుండా మెట్లెక్కాడు.

మూడో ఫ్లోర్‌లో బ్యాడ్జ్ గీసి లోపలికి వెళ్ళాడు. రెండడుగులు వేశాడో లేదో, వీపుకి చల్లగా ఏదో తగిలింది.

"ఇంట్లో నిద్రపొమ్మన్నానుగా," అంది లైమా ఇంగ్లీషులో.

తుపాకీతో అతన్ని నడిపించి భీమశంకరం పక్కన కూర్చోబెట్టింది. స్క్రీన్ మీద లిథువేనియా పటం, ఊళ్ళన్నీ పచ్చటి చుక్కలు. కింద ఒక ఎర్ర పెట్టె. దానికి భీమశంకరం వేలిముద్ర కావాలి. భీమశంకరం నుదుట విభూతి. పక్కన అరటిపండు, ముట్టలేదు.

"అన్నగారూ, మీరెందుకొచ్చారు?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఇవాళ ఏకాదశి కదా నాయనా. ఏమైనా తిన్నావా?"

"లేదు."

"కడుపుకి ఉపవాసం పెట్టి, చేతికి పెట్టలేదే? అక్కడ మా ప్రణవి ఉంది."

"రెండు నిమిషాలే కరెంట్ పోతుందన్నారు అన్నగారూ! టెస్ట్ అన్నారు! చేస్తే గ్రీన్ కార్డ్, చేయకపోతే..." భీమశంకరం లైమా చేతిలోని తుపాకీ వైపు చూశాడు. "పిల్లలు స్కూల్‌కి వెళ్ళే దారి కూడా తెలుసు ఈవిడకి."

"ఏ భాషలో గొణుగుతున్నారు? టైమ్!" అంది లైమా.

గోడ మీద ఒంటిగంటా పధ్నాలుగు. భీమశంకరం కళ్ళు మూసుకుని బొటనవేలు ఎత్తాడు. బతిమాలితే ఆగడు, ఆగితే ఆమె ఆగనివ్వదు. ప్రసాద్ మనసులో వెతుక్కున్నాడు. జాంబవంతుడా, నాకున్నది ఏమిటయ్యా? ఫ్రిజ్ మీది క్యాలెండర్ కళ్ళముందు కదిలింది.

"వర్జ్యంలో మొదలుపెడతావా?" అన్నాడు.

వేలు గాలిలో ఆగింది.

"వర్జ్యం పన్నెండూ యాభైకే అయిపోయింది. నేను చూసుకున్నాను."

"క్యాలెండర్‌లో పాత టైమ్ వేశారు నాయనా. తెల్లవారుజామున గడియారం మారలేదూ? గంట కలుపుకో. ఒంటిగంటా యాభై దాకా ఉంది."

"మరి అభిజిత్‌కి కలిపే వేశారే?"

ప్రసాద్ తడుముకోకుండా అందుకున్నాడు. "అది కలిపారు. ఇది మరిచారు. పంతులుగారు పొద్దున్నే అందరికీ మెసేజ్ పెట్టారు, చూడలేదా? రెండు దాకా అభిజిత్ ఉంటుంది. చివరి పది నిమిషాలు నీవే. వర్జ్యంలో చేసిన పనికి గ్రీన్ కార్డ్ వస్తుందా, వచ్చినా నిలుస్తుందా?"

భీమశంకరం వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి.

"ప్రెస్!" లైమా అరిచింది.

"వన్ మినిట్ మేడమ్. టైమ్ నాట్ గుడ్."

"వాట్?"

"టైమ్ నాట్ గుడ్. హాఫ్ అవర్."

అంతటి గూఢచారిణీ గోడ గడియారం వైపోసారి, అతని వేళ్ళ వైపోసారి చూసింది. తరవాత తుపాకీ భీమశంకరం కణతకి ఆనించింది. అతను వేలు పిడికిట్లో ముడిచేసుకున్నాడు. చావుకంటే వర్జ్యానికి ఎక్కువ భయపడే మనిషి. ఇది భక్తా, పిచ్చా? ప్రసాద్‌కి తెలియలేదు. ఏదైతేనేం, దాని మీదే ఇప్పుడు పన్నెండుగురు పిల్లల ఊపిరి వేలాడుతోంది.

ఒంటిగంటా ఇరవై. ఇరవై ఒకటి. లైమా ఓపిక చచ్చింది. భీమశంకరం చెయ్యి పట్టుకుని పిడికిలి విప్పి, బొటనవేలిని ఈడ్చుకుంటూ తెచ్చింది. ప్రసాద్ కళ్ళు మూసుకుని ఆ చేతుల మీదికి పడిపోయాడు. మాల తెగి పూసలు టైల్స్ మీద దొర్లాయి. వేలికీ పెట్టెకీ మధ్య అంగుళం కూడా లేదు.

తలుపు బద్దలైంది.

"డ్రాప్ ఇట్!"

లైమా తుపాకీ నేలమీద పడింది. పటం మీద చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి. ప్రసాద్ మెల్లగా లేచాడు.

భీమశంకరాన్ని బేడీలతో తీసుకెళ్తుంటే అతను వెనక్కి తిరిగాడు. "అన్నగారూ, నిజంగా వర్జ్యం ఉందా?"

ప్రసాద్ వంగి పూసలు ఏరుకున్నాడు.

సాయంత్రం రఘు కాపెల్‌లో వాళ్ళింటికి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. అంతకుముందే ప్రణవి షిఫ్ట్ అయిందని, పిల్లలందరూ బాగున్నారని ఫోన్ చేసింది. నాన్న ఎందుకు ఏడ్చాడో ఆమెకి అర్థం కాలేదు.

"ఏమండీ, ఉపవాసం భంగం కాలేదు కదా?" అంది నాగమల్లేశ్వరి మంచినీళ్ళు ఇస్తూ.

"అన్నం తినలేదు. అబద్ధం ఆడాను."

"ఎవరికోసం?"

"పన్నెండుగురి కోసం."

ఆమె ఏ అబద్ధమో, ఏ పన్నెండుగురో అడగలేదు. "రేపు పొద్దున పారణకి ముందు దేవుడికి చెప్పుకోండి. ఆయన విన్నాక నాకూ చెప్పండి."

రఘు ఫ్రిజ్ మీది క్యాలెండర్ వైపు గౌరవంగా చూశాడు. "మేడమ్, ఆ క్యాలెండర్లు మా డిపార్ట్‌మెంట్‌కి అర్జెంటుగా ఓ పన్నెండు కావాలి."

నాగమల్లేశ్వరి తల అడ్డంగా ఊపింది.

"కుదరదు నాయనా. గుళ్ళో ఇంటికి ఒక్కటే ఇస్తారు."